మిరపకల్లములో అలంకారశాస్త్రము

మాఘ ఫాల్గుణ మాసములలో మహబూబాబాదు ప్రాంతమునకు పోయినవారికి మొదట ఎదురు వచ్చునది ఘాటు. పిదప కన్నులను పట్టి నిలుపునది ఎరుపు. చేనుల నుండి కోసి తెచ్చిన మిరపకాయలు కల్లములలో పరచబడి ఎండుచుండును. అట్టి కల్లము నొద్ద ఏ సాయంకాలమైనను జరుగదగిన సంగతి ఒకటి ఊహింపవచ్చును. తల్లి కాయలను తిరుగవేయుచున్నది. గట్టు మీద కూర్చుండి తొమ్మిదవ తరగతి చదువు కుమార్తె ‘మెటఫర్’ అను ఆంగ్లపదమునకు నిర్వచనమును వల్లె వేయుచున్నది. కుప్పలో చేయి పెట్టబోయిన చిన్నవానిని వారించుచు తల్లి, “ముట్టకు బిడ్డా! అవి మిరపకాయలు గావు, నిప్పులు!” అన్నది. కుమార్తె తల ఎత్తలేదు. ఆమె వెదకుచున్న వస్తువు ఆమె చెవిప్రక్క నుండియే పోయినది.

తల్లి పలికిన మాటకు శాస్త్రములో పేరు కలదు. ఉన్న వస్తువును కాదని, దానివంటి మరియొక వస్తువును అవునని చెప్పుట అపహ్నుత్యలంకారము. ఆ తల్లికి ఈ పేరు తెలియదు. తెలియకపోవుట వలన ఆమె మాటకు కొరత రాలేదు. కుమార్తెకు పేర్లు తెలియును. కాని మాట వినబడలేదు. చదువు పెరిగినకొలది చెవి మందగించుట మంచి లక్షణమా? ఉపాధ్యాయులును విద్యార్థులును నిదానముగ ఆలోచింపదగిన ప్రశ్న ఇది.

రెండు గంటలు, ఒక గోడ

తెలంగాణములో 2018వ సంవత్సరపు చట్టముచే తెలుగు పాఠశాలలలో తప్పనిసరి బోధనాంశమైనది. 2022-23 విద్యాసంవత్సరము నుండి ప్రభుత్వ పాఠశాలలలో 1 నుండి 8వ తరగతి వరకు ఆంగ్లమాధ్యమము ప్రవేశపెట్టబడినది. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాల పిల్లలును ఈ మార్పులో భాగస్వాములే. పిల్లలకు తొట్రుపాటు కలుగకుండుటకై ఒక పుటలో తెలుగు, ఎదుటి పుటలో ఆంగ్లము ఉండునట్లు ద్విభాషా పాఠ్యపుస్తకములు కూడ అచ్చయినవి. గణితమునకు ఎదురుపుట దొరికినది, విజ్ఞానశాస్త్రమునకు దొరికినది. భాషాపాఠములకు మాత్రము అట్టి ఎదురుపుట లేదు.

తెలుగు గంటలో విద్యార్థి ఉపమ, రూపకము, ఉత్ప్రేక్ష, శ్లేష అని చదువును. గంట మ్రోగును. ఆంగ్లపు గంటలో ఆతడే సిమిలీ, మెటఫర్, హైపర్బొలీ, పన్ అని చదువును. ఈ రెండును ఒకే మనస్సు చేయు పనికి పెట్టిన పేర్లని ఆతనికి చెప్పువారు తక్కువ. రెండు గంటల నడుమ గోడ నిలిచినది. ఆ గోడకు ఇవతల తెలుగులో పేర్లు పరీక్షకొరకు కంఠస్థమగును. అవతల ఆంగ్లములో పేర్లు భయముచేత కంఠస్థమగును. పరీక్ష ముగియగనే రెండును మరపునకు వచ్చును. అంతకంటె పెద్ద నష్టము మరియొకటి కలదు. సాహిత్యమనునది తన ఇంటిలో లేనిదనియు, ఎక్కడనో పెద్దవారి యిండ్లలో ఉండు వస్తువనియు పల్లెటూరి పిల్లవాడు నమ్ముట ఆరంభించును. ఒకసారి ఆ నమ్మకము కుదిరినచో ఆతడు తన తల్లి మాటను చిన్నచూపు చూడక మానడు.

ఓరుగల్లు నేర్పిన పద్ధతి

ఈ మూడు జిల్లాలలోని పెక్కు గ్రామములు 2016 అక్టోబరు 11వ తేదీ వరకు వరంగల్లు జిల్లాలోనివే. ఓరుగల్లు సీమకు అలంకారశాస్త్రము క్రొత్తది కాదు. 1323లో కాకతీయ సామ్రాజ్యము పతనమగుటకు పూర్వము, రెండవ ప్రతాపరుద్రుని ఆస్థానములో విద్యానాథుడు ‘ప్రతాపరుద్ర యశోభూషణము’ అను సంస్కృత లక్షణగ్రంథమును రచించెను. నాయక, కావ్య, నాటక, రస, దోష, గుణ, శబ్దాలంకార, అర్థాలంకార, మిశ్రాలంకార ప్రకరణములని అది తొమ్మిది భాగములు. మల్లినాథసూరి కుమారుడైన కుమారస్వామి దానికి ‘రత్నాపణము’ అను వ్యాఖ్య వ్రాసెను. పదునారవ శతాబ్దిలో భట్టుమూర్తి దానిని ఒరవడిగా గొని తెలుగులో ‘నరసభూపాలీయము’ను నిర్మించెను.

విద్యానాథుని పద్ధతిలో నేటి ఉపాధ్యాయునకు పనికివచ్చు విశేషము ఒకటి కలదు. లక్షణమునకు ఉదాహరణము కావలసినపుడు ఆతడు పూర్వకవుల కావ్యములను వెదకికొనుచు పోలేదు. తన యెదుట ఉన్న రాజును వస్తువుగా గొని ఉదాహరణములన్నింటిని తానే రచించెను. రాజస్తుతి నేటి తరగతిగదికి అక్కరలేదు. కాని ఎదుట ఉన్న వస్తువుతోనే శాస్త్రమంతయు చెప్పవచ్చునను ధైర్యము అక్కరకు వచ్చును. విద్యానాథునకు ప్రతాపరుద్రుడు దొరికెను. మహబూబాబాదు విద్యార్థికి మిరపకల్లము దొరకినది.

ఒక మిరప, ఎనిమిది అలంకారములు

“ఎండుమిరప నిప్పువలె ఎర్రగా నున్నది.” ఇందులో మిరప ఉపమేయము, నిప్పు ఉపమానము, ఎరుపు సమానధర్మము, ‘వలె’ అనునది ఉపమావాచకము. నాలుగును ఉన్నవి కావున ఇది పూర్ణోపమ. ‘ఎర్రగా’ అను మాటను తీసివేసి “ఎండుమిరప నిప్పువలె నున్నది” అన్నచో లుప్తోపమ యగును. పోలిక ఎరుపులోనా, మంటలోనా అని నిర్ణయించు పని ఇపుడు పాఠకునకు వచ్చినది. ఒక మాట తగ్గుటచేత అర్థము పెరిగినది. విద్యార్థి గ్రహింపవలసినది ‘లుప్త’మను పేరుకంటె ముందు ఈ పెరుగుదలను.

“ఎండిన మిరపయే నిప్పు” అనుట రూపకము. రెండింటికిని భేదము పోయినది. “సాయంకాలపు సూర్యుడు కల్లములో దిగి విశ్రమించుచున్నాడో యేమో!” అనుట ఉత్ప్రేక్ష, ఇది ఊహ. “ఇవి మిరపలా, నిప్పులా?” అనుట సందేహము. ఆ ఎరుపును నిప్పే అనుకొని పిల్లి వెనుకకు గెంతినదనుట భ్రాంతిమంతము. తల్లి పలికినది అపహ్నుతి. ఇక్కడ దంచిన కారమునకు కాజీపేట స్టేషనులోని ప్రయాణికులు తుమ్మిరనుట అతిశయోక్తి. ఏ పోలికయు లేక, కొడవలివలె అని కూడ అనక, కల్లమును ఉన్నదున్నట్లు, ముడుతపడిన తొక్కను, గలగలలాడు గింజను, తిరుగవేయు చేతిని కన్నులకు కట్టించినచో అది స్వభావోక్తి. ఎనిమిది అలంకారములును ఒక్క కల్లములో దొరకినవి. తరగతిలోని నలుబదిమందికి నలుబది వస్తువులు ఉండును. ఒకనికి నాగలి, ఒకతెకు కుట్టుమిషను, ఒకనికి తండ్రి నడుపు ఆటో. ఎవరి వస్తువుతో వారు ఎనిమిది వాక్యములు వ్రాసినచో వాటిని మరచుట కష్టము.

ఈ విశ్లేషణము ప్రాచీనమని తలచి ప్రక్కకు నెట్టనక్కరలేదు. 1936లో ఐ. ఏ. రిచర్డ్సు అను ఆంగ్ల విమర్శకుడు ‘ది ఫిలాసఫీ ఆఫ్ రెటరిక్’ అను గ్రంథములో మెటఫరును రెండు భాగములుగా విడదీసి, చెప్పదలచిన విషయమునకు ‘టెనార్’ అనియు, దానిని మోసికొనివచ్చు వస్తువునకు ‘వెహికిల్’ అనియు పేర్లు పెట్టెను. ఉపమేయోపమానములు తెలిసిన తెలుగు విద్యార్థికి ఇవి వెంటనే బోధపడును. ఆంగ్ల సాహిత్యములో ఉన్నతవిద్య చదువువారికి ఎదురగు పారిభాషికపదములు కొన్ని, ఈ విధముగ, పల్లె పాఠశాలలోని తెలుగు వ్యాకరణపాఠములోనే వారికి ముందుగ పరిచయమైనవి.

సమానపదముల పట్టిక చాలదు

అయినచో ఒక పట్టిక గీసి, ఎడమవైపున తెలుగు పేరు, కుడివైపున ఆంగ్లపు పేరు వ్రాసి ఇచ్చిన సరిపోవునా? సరిపోదు. భూపాలపల్లి ఆ సంగతిని చక్కగా చూపగలదు. అక్కడ సింగరేణి గనులు కలవు. బొగ్గును నల్లబంగారమనుట అందరికిని అలవాటు. “బొగ్గే నల్లబంగారము” అన్నపుడు బొగ్గును బంగారమును రెండును వాక్యములో ఉన్నవి, అది రూపకము. “గనిలోనుండి నల్లబంగారము పైకి వచ్చినది” అన్నపుడు బొగ్గు అను మాటయే లేదు. ఉపమానము ఉపమేయమును మ్రింగివేసినది. దీనిని తెలుగు లాక్షణికులు రూపకాతిశయోక్తి అందురు. ఆంగ్లములో ఈ రెండును మెటఫరే. కాబట్టి ‘మెటఫరు అనగా రూపకము’ అను సమీకరణము సగము నిజము మాత్రమే.

అటులనే ఆంగ్లపు ‘ఐరనీ’ మరింత విశాలమైనది. నిందవలె తోచు పొగడ్తయు, పొగడ్తవలె తోచు నిందయు వ్యాజస్తుతి యగును. కాని ఊరిలోని వారందరికిని ఇండ్లు కట్టిన మేస్త్రికి తనదను ఇల్లు లేకపోవుట కూడ ఆంగ్లమున ఐరనీయే. అది మాటలోని చమత్కారము కాదు, జీవితములోని వైపరీత్యము. దానిని వ్యాజస్తుతిలో ఇమిడ్చుటకు వీలులేదు. విరోధాభాసమునకు ‘ఆక్సిమోరాన్’ దగ్గరి చుట్టమే గాని కవల కాదు. గ్రీకున ‘వాడియైన’, ‘మొద్దైన’ అను రెండు మాటలు కలిసి ఏర్పడిన ఆ పదము తనకు తానే ఉదాహరణము. ఒకదానికొకటి సరిపోవు చోట్లను, సరిపోని చోట్లను రెండింటిని చూపినపుడే విద్యార్థి రెండు భాషలను గౌరవించుట నేర్చుకొనును.

పదముల చుట్టరికము

ఇక ఆంగ్లములోని కఠినపదముల సంగతి. దినమునకు పది చొప్పున జాబితా ఇచ్చి వల్లె వేయించుట చాలచోట్ల వాడుక. వేరులేని మొక్కలు పాతినట్లు ఆ పదములు వారము తిరుగకయే వాడిపోవును. పదమునకు వేరు చూపినచో కథ వేరుగా నుండును. ‘మెటఫర్’లోని ‘ఫర్’ గ్రీకుభాషలో మోయుట అను అర్థము గల ధాతువు నుండి వచ్చినది. సంస్కృతములోని ‘భృ’ ధాతువు దానికి సోదరి. తెలుగువారు నిత్యము వాడు భారము, భరించుట అను మాటలు దాని నుండియే పుట్టినవి. ఆంగ్లములోని ‘బేర్’ అను క్రియయు ఆ కుటుంబములోనిదే. ‘వెహికిల్’ అను మాటకును ‘వాహనము’నకును మూలము ఒక్కటి. ‘సిమిలీ’కిని ‘సమ’ శబ్దమునకును చుట్టరికము కలదు. ‘హైపర్బొలీ’లోని ‘హైపర్’, సంస్కృతములోని ‘ఉపరి’ ఒకే తల్లి బిడ్డలు. ‘అనానిమస్’ అను పదమును విడదీసినచో ‘అన్’ అను నిషేధము, ‘ఒనొమ’ అను నామము కనబడును. అది అక్షరాల ‘అనామకము’. ఇది తెలిసిన పిల్లవాడు సినానిమ్, ఆంటోనిమ్, సూడోనిమ్ అను పదములను చూచి బెదరడు. నామము ఎక్కడ దాగియున్నదో వెదకును.

పదములలో అంతస్తుల భేదము కూడ రెండు భాషలకును సమానమే. 1066లో నార్మనులు ఇంగ్లండును జయించిన పిమ్మట ఫ్రెంచి పదములును, విద్వాంసుల వలన లాటిను పదములును ఆంగ్లములో విరివిగా చేరినవి. అందుచేత ఇంటిమాటయైన ‘ఆస్క్’ ఒకటి, ఫ్రెంచి దారిని వచ్చిన ‘క్వశ్చన్’ ఒకటి, లాటిను నుండి వచ్చిన ‘ఇంటరాగేట్’ ఒకటి. తెలుగులో అడుగుట, ప్రశ్నించుట, విచారణ చేయుట అను వరుస దీనికి దగ్గరగా నున్నది. అమ్మను మంచినీళ్లు ‘అడుగుదురు’. ఎవరును ఆమెను ‘విచారణ’ చేయరు. తెలుగులో ఈ తప్పు చేయని విద్యార్థి ఆంగ్లములో ఏల చేయుచున్నాడు? పెద్దమాట వ్రాసిన మార్కులు పెరుగునను నమ్మకముచేత. పదునొకండవ శతాబ్దిలో క్షేమేంద్రుడు ఔచిత్యమును గూర్చి ప్రత్యేకముగ గ్రంథము వ్రాసి, మొలనూలును మెడలో వేసికొన్నవారిని చూచి లోకము నవ్వదా అని హెచ్చరించెను. మొలనూలు చెడ్డది కాదు; దాని చోటు అది కాదు.

పాలకుర్తి, బమ్మెర, చిన్నగూడూరు

జనగామ జిల్లాలోని పాలకుర్తి పేరు చెప్పగనే పాల్కురికి సోమనాథుడు స్మరణకు వచ్చును. సంస్కృతములో పండితుడై యుండియు ఆతడు బసవపురాణమును దేశిచ్ఛందమైన ద్విపదలో రచించెను. ప్రౌఢమైన గద్యపద్యములకంటె జాను తెనుగు సరసమైనదనియు, జనులకు చేరుననియు ఆతని అభిప్రాయము. పోతనామాత్యుని ఇంటిపేరైన బమ్మెర గ్రామము పాలకుర్తి మండలములోనిదే. కొందరికి తెలుగు, కొందరికి సంస్కృతము, కొందరికి రెండును రుచించుననియు, తాను అందరిని మెప్పింతుననియు భాగవతకర్త చెప్పుకొనెను. పదముల అంతస్తులను ఎరిగి, దేనిని ఎక్కడ నిలుపవలెనో ఎరిగిన కవి మాట అది.

ప్రహ్లాదచరిత్రలో బాలుడు గురువునకు ఇచ్చిన సమాధానమును తెలుగునాట ఎరుగనివారు అరుదు. మందారపు తేనె మరగిన తుమ్మెద, ఆకాశగంగ అలలపై ఊగిన రాయంచ, లేమావి చిగురు మేసిన కోయిల, పున్నమి వెన్నెల త్రాగిన చకోరము, ఇవి వేరొక చోటికి పోవునా అని అడిగి, హరిచరణములందు లగ్నమైన చిత్తము మాత్రము పోవునా అని ఆ బాలుడు ముగించును. ‘పోవుట’ అను ఒకే అర్థమునకు కవి నాలుగు పోలికలలో నాలుగు వేరు క్రియలను వాడెను. సమానధర్మమును వేరు వేరు మాటలతో చెప్పుట ప్రతివస్తూపమ లక్షణము. ప్రశ్నయే సమాధానమగుట ఆంగ్లములో ‘రెటారికల్ క్వశ్చన్’. పర్యాయపదములు, అలంకారము, వాక్యవైచిత్రి, మూడు పాఠములు ఒక్క పద్యములో నున్నవి. అయినను ఆ పద్యము పాఠము కొరకు పుట్టలేదు. తన ఎదుట కోపముతో నిలిచిన పెద్దలకు ఒక పసివాడు తన మనస్సును తెలుపుకొనుటకు పుట్టినది. అవసరము గట్టిదైనపుడు అలంకారము తానై వచ్చును.

పరభాషలో చదువుట ఈ సీమకు నేడు క్రొత్తగా వచ్చిన కష్టమును కాదు. నిజాము పాలనలో ఉన్నతవిద్య ఉర్దూలో నడచినది. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధనభాష ఉర్దూయే. నేటి మహబూబాబాదు జిల్లాలోని చిన్నగూడూరులో 1925 జూలై 22న జన్మించిన దాశరథి కృష్ణమాచార్యులు సంస్కృతము నెరిగి, ఉర్దూలో మెట్రిక్యులేషను చదివి, ఉస్మానియాలో ఆంగ్లసాహిత్యముతో బి.ఏ. పట్టము పొందెను. 1949లో ‘అగ్నిధార’ను వెలువరించిన ఆ కవియే గాలిబు కవితను ‘గాలిబ్ గీతాలు’గ తెలుగు చేసెను. ఉర్దూ లాక్షణికులు ఉపమను తష్బీహ్ అనియు, రూపకమువంటి దానిని ఇస్తిఆరా అనియు అందురు. పేర్లు మూడు భాషలలో మారినను రుచి ఎరిగిన మనస్సు ఒక్కటే గనుక ఆతనికి ఒకదానిలో నేర్చినది మరియొకదానిలో పనికివచ్చినది. కాని ఆ కాలమున పరభాషా మాధ్యమపు గోడను దాటలేక చదువు మానినవారును ఎందరో కలరు. దాశరథి విజయమును చూచి ఆ గోడ లేదనుకొనుట పొరపాటు. గోడకు వాకిలి పెట్టుట ఉపాధ్యాయుని పని.

రేకులోనుండి పుట్టు నగిషీ

జనగామ సమీపమున పెంబర్తి గ్రామము ఇత్తడి నగిషీ పనికి ప్రసిద్ధము. ఆ కళకు భౌగోళిక సూచిక గుర్తింపు కలదు. అక్కడి శిల్పి పువ్వును వేరుగా చేసి రేకుపై అతికింపడు. లక్క ఆధారముగ రేకును నిలిపి, ఉలితో సుత్తితో తట్టితట్టి, ఆ రేకునుండియే పువ్వును పైకి తెచ్చును. పువ్వును ఊడదీయవలెనన్న రేకు చినుగును. అలంకారము కూడ అట్లే భావమునుండి లేవవలెను. “వ్యాసములో రెండు ఉపమలు, ఒక అతిశయోక్తి చేర్చుము” అని ఆజ్ఞాపించినపుడు విద్యార్థి అతికించుటయే నేర్చుకొనును. “నీవు చూచినది చెప్పుము, ఎదుటివానికి కనబడలేదా? అయినచో దానివంటిది ఇంకేదో చెప్పుము” అన్నపుడు ఉపమ తానుగ పైకి వచ్చును. దానికి పేరు ఆ తరువాత చెప్పినచో ఆతడు పేరును మరువడు.

అలంకారములు ఒకచోట కూడుటలో రెండు విధములు చెప్పుదురు. నువ్వులు బియ్యమువలె విడివిడిగ కనబడుచు కలిసియున్నచో సంసృష్టి. పాలు నీరువలె విడదీయరాక కలిసినచో సంకరము. భాషలును ఇట్లే కలియగలవు. పరీక్షకొరకు నేర్చిన ఆంగ్లపదములు తెలుగు నోట నువ్వులు బియ్యమువలె మాత్రమే నిలుచును. భూపాలపల్లి జిల్లాలో కాళేశ్వరము నొద్ద ప్రాణహిత గోదావరిలో కలియును. ప్రాణహిత గోదావరిని చిన్నబుచ్చుట లేదు, నిండుగ చేయుచున్నది. విద్యార్థి మనస్సులో ఆంగ్లము తెలుగును అట్లు చేరవలెను.

ఇందుకు పెద్ద ఏర్పాట్లు అక్కరలేదు. తెలుగు ఉపాధ్యాయుడును ఆంగ్ల ఉపాధ్యాయుడును వారమునకు ఒక గంట కలిసి పాఠము చెప్పిన చాలును. ఒకే నోటుపుస్తకమున ఎడమపుటలో ఇంటిలోనో, సంతలోనో, బస్సులోనో విన్న ఒక వాక్యమును ఉన్నదున్నట్లు వ్రాయవలెను. దాని క్రింద తెలుగు పేరు వ్రాయవలెను. కుడిపుటలో ఆ వాక్యమును ఆంగ్లములో చెప్ప ప్రయత్నించి, అక్కడ దానికి పేరున్న వ్రాయవలెను. లేకున్న లేదని వ్రాయవలెను. భాషాపాఠములకు లేని ఎదురుపుటను విద్యార్థులు ఈ విధముగ తామే నిర్మించుకొందురు.

ఆ కల్లము గట్టు మీది బాలిక ఆ పుస్తకములో మొదటి పుట వ్రాయు దినమును తలచికొనవచ్చును. ఎడమవైపున తల్లి మాట ఉండును. దాని క్రింద అపహ్నుతి యని ఉండును. కుడివైపున ఆంగ్లపు వాక్యము తప్పులతోనైనను ఉండును. “ఏం రాస్తున్నవు బిడ్డా?” అని తల్లి అడిగినచో ఆ బాలిక చెప్పవలసిన సమాధానము చిన్నది: “నువ్వు అన్నదే, అమ్మా.”